నకలు కథ రాయడానికి నాకు పట్టిన నాలుగేళ్లు

మనిషి క్లోన్ మీద, అంటే నకలు మీద, నేను రాసిన నవల మొదటి డ్రాఫ్టులో మొదటి పేజీలోనే ఒక గాజు గొట్టం ఉండేది. ఆరడుగుల గొట్టం, నిండా నీలం రంగు ద్రవం, లోపల కళ్లు మూసుకుని నిలబడిన పాతికేళ్ల కుర్రాడు. బయట వర్షం. ల్యాబ్‌లో కరెంటు పోతుంది. జనరేటర్ అందుకునేలోపే వాడు కళ్లు తెరుస్తాడు. అది రాసేసరికి రాత్రి రెండయింది. నా రాతకి నేనే భయపడి, వంటింట్లో లైటు వేసుకుని పాలు వేడి చేసుకుని తాగాను.

మర్నాడు ఆ కాగితాలు మా కాంపౌండర్ గారికి ఇచ్చాను. నేను పశువుల డాక్టర్ని. గుంటూరు వైపు ఒక మండలంలో పని. ఆయన నాకంటే చాలా ముందు నుంచి ఆ ఆసుపత్రిలో ఉన్నారు. వయసులో ఉండగా డిటెక్టివ్ నవలలు అద్దెకి తెచ్చి మరీ చదివిన మనిషి. టీకాల పెట్టెలో ఐసు సర్దుతూ చదివారు. కాగితాలు తిరిగిచ్చి ఒక్కటే అడిగారు.

"బాగుందమ్మా. ఇంతకీ ఈ కుర్రాణ్ని ఎవరు ఈనారు?"

నవ్వాను. తర్వాత సిగ్గేసింది. పొద్దున లేస్తే భుజం దాకా గ్లవ్ తొడుక్కుని గేదెలకి చూడి పరీక్షలు చేసేదాన్ని. మావి పడలేదని అర్ధరాత్రి ఫోన్ వస్తే బండేసుకుని వెళ్లేదాన్ని. అలాంటిదాన్ని, నా నవల్లో ఒక మనిషిని పుట్టించి, వాడు ఏ కడుపులో పెరిగాడన్న సంగతే మర్చిపోయాను. క్లోన్ అయినా, మామూలు బిడ్డ అయినా, కడుపులో తొమ్మిది నెలలు మోయాల్సిందే. పాతికేళ్ల క్లోన్ కావాలంటే పాతికేళ్లు పెంచాల్సిందే. ఏ గొట్టమూ ఆ పని చేయదు.

నలభై పేజీలు అక్కడితో పోయాయి. గొట్టాన్ని చెత్తబుట్టలో పడేసి నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. సైన్స్ ఫిక్షన్ కాబట్టి ఒక్క అబద్ధం ఆడతాను, మనుషుల్లో క్లోనింగ్ ఒకసారి కుదిరిందని. అది తప్ప కథలో ప్రతిదీ నిజంగా జరిగేట్టే ఉండాలి.

అప్పుడు మొదలుపెట్టాను చదవడం. డాలీ గొర్రె గురించి తెలియనిదెవరికి అనుకున్నాను. 1996 జులై 5న స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో దగ్గర రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో పుట్టింది. ఇయాన్ విల్మట్, కీత్ క్యాంప్‌బెల్ వాళ్ల పని. లోకానికి చెప్పింది 1997 ఫిబ్రవరిలో. వెటర్నరీ కాలేజీలో పరీక్షకి ఇంతవరకు బట్టీ కొట్టాను. మళ్లీ చదువుతుంటే వేరే అంకెలు కంటికి ఆనాయి. కేంద్రకం తీసేసి వేరే కణం అతికించిన గుడ్లు 277. అందులో పనికొచ్చే పిండాలుగా ఎదిగినవి 29. వాటిని 13 గొర్రెల కడుపుల్లో పెట్టారు. ఈనింది ఒక్క గొర్రె. ఇంకోటి కూడా ఉంది. పొదుగు కణం ఎవరి దగ్గర తీసుకున్నారో ఆ ఆరేళ్ల గొర్రె, డాలీ పుట్టేనాటికి బతికి లేదు. కణాలు మాత్రం ఫ్రీజర్లో ఉన్నాయి.

ఆ అంకెల్ని గాలికుంటు టీకాల పాత రిజిస్టర్ వెనక పేజీలో మనుషుల లెక్కలోకి మార్చి చూశాను. 2021లో వచ్చిన చట్టం ప్రకారం మన దేశంలో ఒక ఆడమనిషి జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలి, ఏడు గుడ్లకి మించి తీయకూడదు. 277ని ఏడుతో భాగిస్తే దగ్గర దగ్గర నలభై మంది ఆడవాళ్లు. నా కథలో పిల్ల పుట్టేది 2007లో. అప్పటికి ఆ చట్టం లేదు. కాబట్టి ఒక్కొక్కరికి హార్మోన్ సూదులు ఎక్కువ పొడిచి, ఇరవయ్యేసి లాగినా అడిగేవాడు లేడు. అలా పొడిస్తే కొందరికి కడుపులో నీరు చేరుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఇక మోసేవాళ్లు. గొర్రెల లెక్కే వేసుకున్నా పదముగ్గురు. కోతుల లెక్క అంతకన్నా ఎక్కువ. చైనాలో 2018 జనవరిలో రెండు కోతిపిల్లల్ని చూపించారు, ఝోంగ్ ఝోంగ్, హువా హువా అని. ఆ రెంటి కోసం 79 పిండాల్ని 21 ఆడకోతుల్లో పెట్టారు.

ఆ పేజీని చాలాసేపు చూస్తూ కూచున్నాను. నేను రాయబోతున్నది ఒక పిచ్చి సైంటిస్టు కథ అనుకున్నాను. లెక్క తేలేసరికి అందులో సైంటిస్టు ఒక్కడే, ఏడేసి గుడ్ల లెక్కన ఆడవాళ్లు యాభై మందికి పైగా.

ఆ పని చేతుల్తో ఎలా జరుగుతుందో నాకు కొంచెం తెలుసు. కొన్నేళ్ల కిందట హర్యానాలోని కర్నాల్‌కి ట్రైనింగ్‌కి వెళ్లాను. మన దేశంలో గేదెల్లో మొదటి క్లోన్ దూడ 2009 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ పాడి పరిశోధన సంస్థలోనే పుట్టింది. కొద్ది రోజులే బతికింది. అదే ఏడు జూన్ 6న గరిమ పుట్టింది. అది రెండేళ్లు దాటి బతికి, గుండె ఆగి పోయింది. తర్వాత పుట్టిన గరిమ-2 మామూలుగా ఎదకొచ్చి, చూడి కట్టి, 2013లో పెయ్యదూడని ఈనింది కూడా. ఎప్పుడో చచ్చిపోయిన దున్నపోతు తాలూకు ఫ్రోజెన్ సెమెన్‌లో దొరికిన కణాలతో దూడని పుట్టించారని అక్కడ విన్నాను. మా ఆసుపత్రి మూల నైట్రోజన్ క్యాన్ ఉంటుంది, మైనస్ 196 డిగ్రీలు, లోపల సెమెన్ స్ట్రాలు. అది విన్నాక ఆ క్యాన్ మూత తీసినప్పుడల్లా నాకు అదోలా ఉంటుంది.

మైక్రోస్కోప్ కింద నేను చూసిన పని చెబుతాను. కబేళా నుంచి గేదె అండాశయాలు థర్మాస్‌లో వస్తాయి, గోరువెచ్చటి ఉప్పునీళ్లలో. వాటిలోంచి గుడ్లు సూదితో లాగుతారు. ఒక్కో గుడ్డు మిల్లీమీటర్లో పదో వంతు కంటే కాస్త పెద్దది, కంటికి చుక్కలా ఆనీ ఆననట్టు ఉంటుంది. దాని పైపొరని మందుతో కరిగిస్తారు. తర్వాత ఒక అమ్మాయి సన్నటి బ్లేడు పెట్టి కేంద్రకం ఉన్న వైపు కోసేస్తుంది. యంత్రం లేదు, చేత్తోనే. అందుకే దాన్ని హ్యాండ్ గైడెడ్ పద్ధతి అంటారు. మిగిలిన సగానికి కావాల్సిన కణాన్ని అతికించి, కొద్దిగా కరెంటు ఇస్తారు. రెండూ కలిసిపోతాయి. ఇంక్యుబేటర్‌లో వారం ఉంచి గేదెలో పెడతారు. ఆ అమ్మాయి కోసేముందు ప్రతిసారీ ఊపిరి బిగపట్టేది. గుడ్డు తరవాత గుడ్డు. నా నవల్లో మొట్టమొదట నమ్మబుద్ధేసిన పాత్ర అలా వచ్చింది. ఎవరి బిడ్డకోసమో తెలియకుండా రోజుకి యాభై గుడ్లు కోసే జీతగత్తె.

ఇక ప్లాట్. థ్రిల్లర్ అన్నాక శవం ఉండాలి కదా. విజయవాడలో బస్టాండు దగ్గర లాడ్జి గదిలో నలభై దాటిన ఒకావిడ శవం దొరుకుతుంది. ఆమె గుప్పిట్లో మొదలుతో సహా ఊడిన పొడవాటి వెంట్రుక. ల్యాబ్‌కి పంపితే ఆ డీఎన్ఏ, 2005లో కారు ప్రమాదంలో పోయిన ఒక పారిశ్రామికవేత్త కూతురి డీఎన్ఏతో సరిపోతుంది. ఎప్పుడో కాలి బూడిదైన పిల్ల ఇప్పుడొచ్చి ఎలా చంపింది? ఇంతవరకు నాకు ముందే ఉంది. తర్వాత ఏం చెయ్యాలో తోచక ఆర్నెల్లు ఆగిపోయాను.

దారి చూపించింది మైటోకాండ్రియా. కేంద్రకం తీసేసినా గుడ్డులో మిగిలిన జిగురులో కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా ఉంటాయి, వాటికి తమ సొంత డీఎన్ఏ కొద్దిగా ఉంటుంది. క్లోన్‌కి అది గుడ్డిచ్చినామె నుంచి వస్తుంది. డాలీకి కూడా కణమిచ్చిన గొర్రెది రాలేదు, గుడ్డిచ్చిన గొర్రెదే వచ్చింది. అంటే నా ఎస్సై మొండికేసి రెండో పరీక్ష కూడా చేయిస్తే? కేంద్రకం లెక్కలో ఆ వెంట్రుక చచ్చిపోయిన అమ్మాయిది. మైటోకాండ్రియా లెక్కలో లాడ్జిలో చచ్చిపడున్న ఆవిడ గుడ్డుతో పుట్టిన పిల్లది. ఆ ఆవిడ ఎవరంటే, ఇరవయ్యేళ్ల కిందట అప్పు తీర్చడానికి గుడ్లమ్ముకున్న మనిషి, పిల్లని ఒక్కసారి చూద్దామని వచ్చింది. ఈ ముడి దొరికిన రోజు ఒక గేదెకి పొదుగువాపు సూది వేస్తున్నాను. చేతిలో సిరంజి అలాగే పట్టుకుని నవ్వుతుంటే ఆ రైతు కంగారు పడ్డాడు. "ఏమైందమ్మా డాక్టరమ్మా, పాలు ఎండిపోతాయా?" అని.

ఆధార్‌తో పట్టుబడుతుందని ఇంకో అధ్యాయం రాసుకున్నాను. అది కొట్టేయాల్సొచ్చింది. వేలిముద్రలు డీఎన్ఏ ఒక్కటే గీసేవి కావు, కడుపులో ఆ వేళ్లు ఎలా ఒత్తుకున్నాయి, ఎలా పెరిగాయి అన్నదాన్ని బట్టి కూడా గీతలు మారతాయి. కవలలకే వేలిముద్రలు, కనుపాపలు కలవవు. క్లోన్‌కి అసలు కలవవు. రంగూ కలవక్కర్లేదు. టెక్సాస్‌లో 2001 డిసెంబరులో పుట్టిన క్లోన్ పిల్లి సీసీ, కణమిచ్చిన పిల్లిలా మూడు రంగుల మచ్చలతో పుట్టలేదు. ఆడజీవికి రెండు ఎక్స్ క్రోమోజోములుంటే ఒక్కో కణంలో ఒకటి నిద్రపోతుంది. ఏది ఎక్కడ నిద్రపోవాలన్నది ప్రతిసారీ కొత్తగా వేసే చీటీ. కాబట్టి సినిమాల్లో డబుల్ యాక్షన్ చూసి క్లోన్ని ఊహించుకోకూడదు. ఒకే కడుపులో, ఒకే రోజుల్లో, ఒకే మైటోకాండ్రియాతో పెరిగిన కవలల కన్నా క్లోనూ దాని అసలూ ఇంకా దూరం.

మిగతా పరిశోధన తొందరగా అయింది. కొరియాలో హ్వాంగ్ వూ-సుక్ మనిషి పిండాన్ని క్లోన్ చేసి మూలకణాలు తీశానని ప్రకటించి, అదంతా బూటకమని తేలి, 2006లో ఆ పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చిన గొడవ. అందులో వాడిన గుడ్లు రెండు వేల పైచిలుకు, ఇచ్చిన ఆడవాళ్లు వందకి పైన, తన ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయిలతో సహా. 2002 డిసెంబరులో రేలియన్లనే మతం వాళ్లు తొలి మానవ క్లోన్ పుట్టిందని ప్రకటించి ఒక్క రుజువూ చూపించకపోవడం. మన దగ్గర భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాల్లో మనిషిని క్లోన్ చేసి పుట్టించడం నిషేధం. గాంధారి నేతికుండల గురించి ఈ సందర్భంలో నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. నేను వినయంగా తలాడించాను.

రెండో డ్రాఫ్టు ఒక వారపత్రికకి పంపాను. ఎడిటర్ గారు ఫోన్ చేశారు, చాలా మర్యాదగా మాట్లాడారు. సీరియల్‌గా వేస్తామన్నారు, ఒక మార్పు చేస్తే. క్లోన్ అమ్మాయి మీద జాలి పుట్టకూడదట. ఆ పిల్లే హంతకురాలు కావాలి. "మేడమ్, ప్రాణం వరకు మీ సైన్స్ పోస్తుంది. ఆత్మ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ లేనితనమే భయం పుట్టించాలి" అన్నారు.

"కవలల్లో ఆత్మ ఎవరికిచ్చారు సార్?" అని అడిగాను. ఆయనకి అది వాదనలా వినిపించినట్టుంది. ఆలోచించి చెప్పమని పెట్టేశారు. నేను వాదించలేదు. మా ఇంటి సంగతి అడిగాను.

మా అమ్మా, తెనాలి పిన్నీ ఒక పిండం రెండుగా చీలి పుట్టినవాళ్లు. అచ్చుగుద్దినట్టుండేవాళ్లు. చిన్నప్పుడు ఒకరికి వేసిన పాలడబ్బా మళ్లీ వాళ్లకే వేసి రెండోవాళ్లని పస్తుంచేసిందని మా అమ్మమ్మ తనే చెప్పుకుని నవ్వేది. ఆ తర్వాత పిన్ని కాలికి నల్లతాడు కట్టిందట. వాలిసుగ్రీవులు కలబడుతుంటే రాముడంతటివాడికే ఎవరెవరో తెలియక బాణం వేయలేదు కదా, సుగ్రీవుడి మెడలో గజపుష్పి తీగ వేయించి మళ్లీ పంపాడు. అలా మా పిన్నికి ఆ నల్లతాడు.

నాకు మాత్రం ఎప్పుడూ తికమక లేదు. అమ్మ చీరకి ఇంగువ వాసన. పిన్ని బట్టలు కుడుతుంది, చీర కుచ్చిళ్ల దగ్గర కుట్టుమిషను నూనె వాసన. చీకట్లో కరెంటు పోయినా ఎవరి ఒళ్లో ఉన్నానో తెలిసిపోయేది.

నవల మొదలుపెట్టిన మూడో ఏడు కార్తీకమాసంలో అమ్మ పోయింది. గుండె. రాత్రి పడుకుంది, తెల్లారి లేవలేదు. పిన్ని మొదటి బస్సుకే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే లోపలున్న ఆడవాళ్లంతా ఒక్కసారి ఏడుపు ఆపేశారు. ఎవరూ ఏమీ అనలేదు. పడుకోబెట్టిన మనిషే గుమ్మంలో నిలబడి ఉంటే ఏమంటారు.

రెండో రోజు అమ్మ ఫోన్ కావాల్సొచ్చింది. గ్యాసు పుస్తకం నంబర్లూ, చీటీల వాళ్ల లెక్కలూ అన్నీ అందులోనే. పిన్ నంబరు ఎవరికీ తెలియదు. మా తమ్ముడు ఏం తోచిందో, పిన్నిని వేలు పెట్టమన్నాడు. పెట్టింది. తీసుకోలేదు. ఇంకోసారి, ఇంకో వేలు. తీసుకోలేదు. "పోనీలేరా" అని పిన్ని ఫోన్ తిరిగివ్వబోతూ ముఖం ముందుకి తెచ్చింది. తాళం బొమ్మ విడిపోయింది. వెనక అమ్మ, నాన్న, సింహాచలం మెట్ల మీద దిగిన ఫోటో.

పిన్ని ఫోన్ని మంచం మీద పెట్టేసి దొడ్లోకి వెళ్లిపోయింది. తమ్ముడు గబగబా కావాల్సిన నంబర్లు రాసుకున్నాడు. నేను మాత్రం, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది, అప్పుడు నా నవల గురించి ఆలోచించాను. వేలు కలవదు, ముఖం కలుస్తుంది, లోపలి నంబరు తెలియదు. పారిశ్రామికవేత్త లాకరు అధ్యాయం నా కళ్ల ముందు దానంతటదే సర్దుకుంటోంది. రాసేవాళ్లకి ఇలాంటి జబ్బు ఉంటుంది. నేను ఏడ్చింది మర్నాడు.

నాన్న ఆ పదకొండు రోజులూ వసారాలో స్తంభం వైపు తిరిగి కూచున్నాడు. పిన్ని కాఫీ తెస్తే తలెత్తకుండా గ్లాసు అందుకునేవాడు. పెద్దకర్మ అయిన సాయంత్రం అన్నాడు, "నువ్వు కొన్నాళ్లు రాకమ్మా" అని.

"నేనేం చేశాను బావా?"

"నువ్వేం చేయలేదు. నువ్వు నడుస్తుంటే నాకు పిలవాలనిపిస్తోంది."

పిన్ని ఆ రాత్రే బస్సెక్కింది. మళ్లీ ఆర్నెల్లకి సంవత్సరీకం ఏర్పాట్లు మాట్లాడ్డానికి వచ్చినప్పుడు చూస్తే, పాపిడి పక్కకి తీసుకుంది. అరవై రెండేళ్లు మధ్యపాపిడి తీసిన మనిషి. గుండ్రటి బొట్టు మానేసి నిలువు బొట్టు పెట్టుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. నాన్న మాత్రం ఆరోజు ఆమెతో కలిసి భోంచేశాడు.

అప్పటికి నా నవల్లో ఆ తండ్రి పాత్ర ఎలా ఉండేదంటే, పోయిన కూతురి నకలు చేతికొచ్చాక దాన్ని గుండెలకి హత్తుకుని, దాని కోసం ఎన్ని హత్యలకైనా తెగించే మనిషి. మొత్తం తీసేశాను. ఇప్పుడు అతను కోట్లు పోసి, యాభైమంది ఆడవాళ్ల ఒళ్లు గుల్ల చేసి పుట్టించుకున్న పిల్ల పదిహేనో ఏడు దాటుతుండగా, అసలు కూతురి పోలిక పూర్తిగా దిగుతుండగా, ఆమె వంక చూడటం మానేస్తాడు. భోజనాల బల్ల దగ్గర కుర్చీ మార్చుకుంటాడు. హాస్టల్‌కి పంపేస్తాడు. పిల్లకి కారణం తెలియదు. తనలో ఏం లోపమో వెతుక్కుంటూ ఆ వెతుకులాటలోనే పాత ఫైళ్ల దాకా వెళుతుంది. శవానికి దారి అక్కణ్ణుంచే. ఎడిటర్ గారికి కావాల్సిన భయం ఇందులో లేదు. ఆయనకి మళ్లీ ఫోన్ చేయలేదు.

మోసిన ఆవిడ అధ్యాయాలు చివర రాశాను. రెండు వారాల్లో అయిపోయాయి. వాటికి కారణం ఒక గేదె.

మా పక్క ఊళ్లో ఒక రైతుకి ముర్రా గేదె ఈనిన నాలుగో రోజు దూడ పోయింది. దూడ లేకపోతే చేపదు. కొందరు ఆక్సిటోసిన్ సూది పొడుస్తారు, నేను ఒప్పుకోను. అందుకని ఆ ఇంటి ముసలాయన పాత పద్ధతి చేశాడు. దూడ చర్మం ఒలిపించి, ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టించాడు. కాళ్లకి కర్రలు. కళ్ల చోట ఏమీ లేదు. నేను జ్వరం చూడ్డానికి వెళ్లిన సాయంత్రం పాలు తీసే వేళ అయింది. దాన్ని తెచ్చి గేదె ముందు పెట్టారు. గేదె వాసన చూసింది. నాకింది, మెడ దగ్గర్నించి తోక దాకా, చాలా శ్రద్ధగా. తర్వాత తల పక్కకి తిప్పేసుకుని గోడ వంక చూస్తూ చేపింది. ధారలు బకెట్లో పడుతున్న చప్పుడు.

"దానికి తెలీదంటారా డాక్టరమ్మా?" అన్నాడు ముసలాయన.

నా దగ్గర జవాబు లేదు. రెండు మాత్రలు రాసిచ్చి వచ్చేశాను. డాలీ 2003 ఫిబ్రవరి 14న ఊపిరితిత్తుల్లో గడ్డతో పోయాక, దాని చర్మాన్ని కూడా అలాగే కూరి ఎడిన్‌బరో మ్యూజియంలో గాజుపెట్టెలో పెట్టారు. దారంతా అదే గుర్తొచ్చింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకుండానే రాయడానికి కూచున్నాను. నా కథలో మోసిన ఆవిడకి బిడ్డని చూపించరు. నర్సు దుప్పటి చుట్టి తీసుకుపోతుంది. మూడో రోజు ఆవిడకి పాలు పడతాయి. ఇచ్చిన డబ్బుల్లో బస్సు చార్జీ తీసి మిగతాది జాకెట్లో దోపుకుని, తడిసిన రవికె మీద టవలు కప్పుకుని ఒంగోలు బస్సెక్కుతుంది. నకలో అసలో, ఆ పాలకి తెలియదు. నవల మొత్తంలో నేను ఒక్క మాట కూడా దిద్దని అధ్యాయం అదొక్కటే.

నవల మొన్న సంక్రాంతికి అయింది. 312 పేజీలు. పేరు 'నకలు'. మండలాఫీసులో ముద్ర వేసి ఇచ్చే నకలు అన్నమాట, అసలు ఎక్కడుందో ఎవరికీ పట్టనిది. కాంపౌండర్ గారు రిటైరయ్యారు. చదివి, "ఈసారి ఈనినవాళ్లు సరిగ్గా ఉన్నారు" అని చెప్పి పంపించారు.

పిన్నికి తెనాలి వెళ్లి ఇచ్చాను. నాకు టెన్షనే. ఏ పేజీలో ఏముందో ఆమెకి తెలియకుండా ఉండదు. వారం పట్టింది చదవడానికి. జాకెట్లు కుట్టే పని ఎక్కువగా ఉందట. ఫోన్లో మాట్లాడుతూ తండ్రి గురించి ఏమీ అనలేదు. కుర్చీ మార్చుకునే చోటు గురించీ అనలేదు.

"ఆ పిల్లకి ఏం పని వచ్చో రాయలేదేమిటే?" అంది.

"పనేంటి పిన్నీ, కాలేజీ పిల్ల."

"కాలేజీకి ఎవరైనా పోతారు. చేతుల్తో ఏం చేస్తుంది? నూట యాభై పేజీలు దాని మొహం గురించే రాశావు. మీ అమ్మకి సూదిలో దారం ఎక్కించడం రాదు, తెలుసా. నాకు ఇవాళ్టికీ చారు కుదరదు."

మళ్లీ కూచుని దిద్దుతున్నాను. హాస్టల్లో ఆ పిల్ల పాత రేడియోలు విప్పి బాగుచేస్తుంది ఇప్పుడు. సోల్డరింగ్‌కి చూపుడువేలు కాలిన మచ్చ ఉంటుంది. చచ్చిపోయిన అమ్మాయికి లేనిది. ఎస్సై చివరికి ఆమెని గుర్తుపట్టేది ఆ మచ్చతోనే. దానివల్ల మూడు అధ్యాయాలు మారుతున్నాయి, తప్పదు.

అమ్మ ఫోన్ ఇప్పుడు పిన్ని దగ్గరే ఉంది. మొదటి నెలలో ఒక రాత్రి చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ముఖం ఒప్పుకోవడం లేదు, ముందు పిన్ నంబరు కొట్టమంటోంది. ముఖం తర్వాతేనట. ఒకటే పుట్టినరోజు కాబట్టి పిన్ని ముందు అదే కొట్టింది. కాదంది. నాన్న పెళ్లిరోజు చెప్పాడు. కాదంది. నా పుట్టిన ఏడు, తమ్ముడిది, పాత ఇంటి నంబరు. ఐదుసార్లు తప్పు కొడితే 30 సెకన్లు ఆగమంటుంది. నేను వెళ్లిన ప్రతిసారీ మిషను ఆపి, కళ్లజోడు సర్దుకుని, "ఇంకేమై ఉంటుందే?" అని ఫోన్ నా చేతికిస్తుంది.